మందు హైదరాబాద్‌లో, పుండు ఊళ్లో

(హనుమకొండలో కేన్సర్ పేషెంట్ల కుటుంబాల కోసం జరిగిన ఒక సభలో దంత వైద్యురాలు చేసిన ప్రసంగం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ చివరన మాస్కు పెట్టుకున్న పెద్దమ్మా, మీరు దాన్ని తీయకండి, అలాగే ఉంచుకోండి.

నేను పళ్ల డాక్టర్‌ని, కేన్సర్ డాక్టర్‌ని కాదు. ఏ కీమో ఇవ్వాలి, ఎంత డోసు ఇవ్వాలి అన్నది మీ ఆంకాలజిస్టులు చూసుకుంటారు. ఆ మందు ఎక్కిన తర్వాత నోట్లో మొదలయ్యే బాధ గురించే నేను మాట్లాడతాను.

ముందుగా ఒక విచిత్రం చెప్తాను. కీమో వల్ల వచ్చే నోటిపూతను, ఆ కీమో రాసిన డాక్టరు చాలాసార్లు కళ్లతో చూడనే చూడరు. ఎందుకో లెక్క వేద్దాం. మూడు వారాలకోసారి కీమో అనుకోండి. భూపాలపల్లి నుంచో ములుగు నుంచో ఒకాయన హైదరాబాద్ వెళ్లాడు, మందు ఎక్కించుకున్నాడు, కాజీపేటలో రైలు దిగి ఇంటికొచ్చాడు. మొదటి మూడు నాలుగు రోజులు వాంతులు, నీరసం. ఐదో రోజుకో ఆరో రోజుకో కూర కలుపుకుని తింటుంటే నోరు చుర్రుమంటుంది. ఆ తర్వాత పుండ్లు. ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్యలో బాధ బాగా ఎక్కువ. తర్వాత మెల్లగా మానడం మొదలై, మూడో వారం ముగిసేసరికి చాలామందికి నోరు మామూలైపోతుంది. ఇరవై రెండో రోజున మళ్లీ వెళ్లి డాక్టర్ ముందు కూర్చుంటాడు. "ఎట్లున్నవ్?" అంటే "మంచిగనే ఉన్న సార్" అంటాడు. అది అబద్ధమూ కాదు, ఆ రోజు మంచిగానే ఉన్నాడు. పది రోజుల కిందట గుక్కెడు నీళ్లు మింగడానికి ఏడ్చిన సంగతి కేస్ షీటులోకి ఎక్కదు. అదే డోసు మళ్లీ ఎక్కుతుంది. మళ్లీ అదే నోరు.

ఇప్పుడు వరంగల్‌లోనూ కీమో ఇస్తున్నారు కాబట్టి ప్రయాణం కొంత తగ్గింది. లెక్క మాత్రం మారలేదు. మందు ఎక్కేది ఆస్పత్రిలో, పుండు లేచేది ఇంట్లో. చూసుకోవాల్సిందీ ఇంటివాళ్లే, గుర్తుపెట్టుకుని డాక్టర్‌కు చెప్పాల్సిందీ ఇంటివాళ్లే. అందుకే ఇవాళ పేషెంట్లకంటే పక్కన కూర్చున్నవాళ్లతో ఎక్కువ మాట్లాడతాను.

అసలు ఎందుకొస్తుందో రెండు మాటల్లో. నోటి లోపలి పొర చాలా పల్చన. వేడి, కారం, పళ్ల రాపిడి అన్నీ తగులుతుంటాయి కాబట్టి పాత కణాలు రాలిపోతూ, అడుగు నుంచి కొత్తవి పుట్టుకొస్తూ ఉంటాయి. ఒకటి రెండు వారాల్లో పొర మొత్తం కొత్తదైపోతుంది. కీమో మందు వేగంగా పెరిగే కణాల మీద పడుతుంది. కేన్సర్ కణం అలాంటిదే, జుట్టు కుదురూ అలాంటిదే, ఎముక మజ్జలో రక్తం తయారయ్యే చోటూ అలాంటిదే, నోరూ పేగులూ అంతే. పాత పొర ఎప్పటిలాగే రాలిపోతుంది, కొత్తది మాత్రం రాదు. గోడకు పాత సున్నం రాలిపోయి, కొత్తది వేయకముందే వాన పట్టుకున్నట్టు అన్నమాట.

మన ఇళ్లలో నోరు పూసిందంటే రెండే కారణాలు చెప్తారు. ఒకటి వేడి చేసింది, రెండోది బీ కాంప్లెక్స్ తక్కువైంది. మామూలు నోటిపూతకు ఆ మాట ఎంతవరకు నిజమో ఇంకోసారి మాట్లాడుకుందాం. కీమో నోటిపూతకు మాత్రం రెండూ కారణం కాదు. వేడి అనుకుంటే సబ్జా గింజలు, పెరుగన్నంతో సరిపెట్టి నాలుగు రోజులు పోగొట్టుకుంటారు. బీ కాంప్లెక్స్ అనుకుంటే ఇంకో చిక్కు. మెడికల్ షాపులో దొరికే ఇలాంటి మాత్రల్లో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. పేగు కేన్సర్‌కూ రొమ్ము కేన్సర్‌కూ ఇచ్చే కేపసిటబిన్ మాత్రలు, అలాగే ఫైవ్ ఎఫ్‌యూ అనే మందు వాడేవాళ్లకు ఫోలిక్ యాసిడ్ తోడైతే ఆ మందు చెడు ఫలితాలు పెరుగుతాయి. నోరు మానాలని వేసుకున్న మాత్ర నోటిని ఇంకా పుండు చేయొచ్చు. ఆర్ఎంపీ ఇచ్చినా, బంధువులు తెచ్చినా, కీమో నడుస్తున్నంత కాలం ఏ మాత్రనైనా ఆంకాలజిస్టుకు చెప్పాకే వేయండి.

అన్ని కీమోలకూ నోరు ఒకేలా పూయదు. ఫైవ్ ఎఫ్‌యూ, మెథోట్రెక్సేట్, మీరు ఎర్రమందు అనే డాక్సోరూబిసిన్, రక్త కేన్సర్లకు వాడే సైటరబిన్, బోన్ మ్యారో మార్పిడికి ముందిచ్చే పెద్ద డోసు మెల్ఫలాన్, ఇవి నోటిని ఎక్కువ ఇబ్బంది పెట్టేవి. మీ మందు పేరు డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే వాళ్లచేత ఫోన్‌లో రాయించి పెట్టుకోండి, అర్ధరాత్రి ఎవరైనా డాక్టర్ అడిగితే చెప్పడానికి పనికొస్తుంది.

మెథోట్రెక్సేట్ పేరు వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. ఈ మందును చిన్న డోసులో కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు కూడా ఇస్తారు. అది వారానికి ఒక్క రోజే వేసుకోవాల్సిన మాత్ర. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు లేస్తాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంట్లో కీళ్లనొప్పుల పెద్దవాళ్లకు ఇలా జరిగితే పూతమందు రాసి ఊరుకోవద్దు, ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక చేయాల్సిన పనులు. కీమో మొదలుకాకముందే ఒకసారి పళ్లు చూపించుకోండి. విరిగి మొనదేలిన పన్ను బుగ్గకు గీసుకుంటుంటే అక్కడే పుండు పడుతుంది. చీము పట్టిన పన్ను ఉంటే, తెల్లకణాలు తగ్గినప్పుడు ఆ చీమే రక్తంలోకి పోతుంది. పన్ను తీయాల్సి వస్తే కీమోకు కనీసం పది రోజులు, వీలైతే రెండు వారాల ముందే అయిపోవాలి, గాయం మానడానికి ఆ టైం కావాలి. కీమో మధ్యలో పన్ను నొప్పి వస్తే రక్తకణాల లెక్క చూపే సీబీపీ రిపోర్టు లేకుండా, మీ ఆంకాలజిస్టును అడక్కుండా ఏ పళ్ల డాక్టరూ పన్ను మీద చేయి వేయకూడదు. వేస్తానన్నా మీరు వేయనివ్వొద్దు.

ఇప్పుడు అసలు మందు. దీనికి ఖర్చు పది రూపాయలు కూడా కాదు. అదే కారణంగా దీన్ని ఎవరూ నమ్మరు. ఉప్పు, తినే సోడా కలిపిన నీళ్లు.

ఎలా కలపాలో చూపిస్తాను. ఇది లీటర్ బాటిల్. నీళ్లు కాచి చల్లార్చినవి. ఇదిగో టీ స్పూన్, కూరలో వేసే పెద్ద గరిటె కాదు. దీంతో ఒక స్పూన్ ఉప్పు, తలకొట్టుగా, గుట్టగా కాదు. ఒక స్పూన్ తినే సోడా, మిర్చి బజ్జీలు పొంగడానికి వేస్తారే, అదే. మూత పెట్టి ఊపండి. అయిపోయింది. పొద్దున కలిపింది రాత్రికి పారబోసి, మర్నాడు మళ్లీ కలుపుకోండి. గుక్కెడు నోట్లో పోసుకుని అర నిమిషం పాటు బుగ్గలు, నాలుక కింద, అంతటా తిప్పి ఉమ్మేయాలి, మింగొద్దు. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు, మధ్యలో మెలకువ వస్తే అప్పుడూ. పగలు మూడు నాలుగు గంటలకు ఒకసారి తప్పకుండా. మరీ పుండ్లుగా ఉన్న రోజుల్లో గంటకోసారి చేసినా నష్టం లేదు. ఇది కీమో ఎక్కిన రోజు నుంచే మొదలుపెట్టండి, పుండు లేచాక కాదు.

సోడా దగ్గర జాగ్రత్త. బట్టల సోడా వేరు, తినే సోడా వేరు. బట్టల సోడా నోట్లో పోస్తే కాలిపోతుంది. కేకులకు వాడే బేకింగ్ పౌడర్ కూడా ఇది కాదు. గ్యాస్‌కు తాగే ఈనో ప్యాకెట్లలో సోడాతో పాటు పులుపు కూడా ఉంటుంది కాబట్టి అదీ వద్దు. కిరాణా షాపులో "తినే సోడా" అని అడిగి, ప్యాకెట్ మీద పేరు ఉన్నదే తెచ్చుకోండి, విడిగా పొట్లం కట్టింది కాదు.

ఈ నీళ్లు పుండును మాయం చేయవు. నోటిని తడిగా, శుభ్రంగా ఉంచుతాయి, జిగట ఉమ్మిని కరిగిస్తాయి, క్రిములు చేరకుండా చూస్తాయి. మంట తగ్గి నాలుగు ముద్దలు ఎక్కువ తినగలిగితే మనకు అదే లాభం. టీవీలో చూపించే ఘాటు మౌత్‌వాష్‌లు మాత్రం వాడొద్దు, చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, మంటా పెంచుతుంది, నోరూ ఎండబెడుతుంది.

పళ్లు తోమడం ఆపకండి. నోరు పూసింది కదా అని వారం రోజులు తోమకపోతే పాచి పేరుకుని ఇన్ఫెక్షన్ అవుతుంది. బాగా మెత్తటి బ్రష్, పిల్లల బ్రష్ అయినా సరే, గోరువెచ్చని నీళ్లలో కాసేపు ముంచి వాడండి. పేస్టు మండితే పిల్లల పేస్టు, అదీ మండితే ఒట్టి ఉప్పు సోడా నీళ్లు. చిగుళ్ల నుంచి రక్తం ఆగకుండా వస్తుంటే బ్రష్ పక్కన పెట్టి, గాయాలకు కట్టే పల్చటి గాజ్ గుడ్డను తడిపి వేలికి చుట్టి మెల్లగా తుడవండి, డాక్టర్‌కు ఫోన్ చేసి ప్లేట్‌లెట్లు చూపించుకోండి. వేపపుల్ల మీద నాకు కోపమేమీ లేదు, మా తాత ఎనభై దాటేదాకా దాంతోనే తోమాడు. కానీ కీమో నడిచినన్నాళ్లు వద్దు. దాని పీచు గీసుకుంటుంది. ఎర్ర పళ్లపొడి, బొగ్గు, ఇటుక పొడి అసలే వద్దు. తంబాకు, జర్దా, గుట్కా, బీడీ గురించి నేను వేరే చెప్పాలా? కట్టుడు పళ్లుంటే పుండ్లు మానేదాకా తిండి టైంకు తప్ప పెట్టుకోవద్దు, రాత్రి తీసేయాల్సిందే.

ఊళ్లో ఎవరో ఒకరు పటిక రాయమంటారు, లవంగ నూనె వేయమంటారు, ఇంకొకరు నీలిమందు పూస్తారు. పటిక, లవంగ నూనె పచ్చి పుండు మీద పడితే మంట, పైగా కాలిన గాయం. నీలిమందు పూస్తే నోరంతా నీలం, పుండు ఎంత ఉందో మాకు కనబడదు. పెదాలు పగిలితే కొబ్బరినూనె, నెయ్యి, వ్యాజిలిన్ ఏదైనా రాసుకోండి, అభ్యంతరం లేదు.

ఐసు ముక్కల సంగతి కొందరికే పనికొస్తుంది, కానీ పనికొచ్చేవాళ్లకు బాగా పనికొస్తుంది. ఫైవ్ ఎఫ్‌యూను సిరంజితో కొద్ది నిమిషాల్లో ఒక్కసారిగా ఇచ్చేటప్పుడు, ఐదు నిమిషాల ముందు నుంచే ఐసు ముక్కలు నోట్లో పెట్టుకుని అరగంట పాటు చప్పరిస్తే నోట్లో రక్తనాళాలు సన్నబడతాయి, మందు అక్కడికి తక్కువ చేరుతుంది. ఆ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఆ అరగంట చాలు. అదే మందును పంపు కట్టి రెండు రోజులు ఎక్కిస్తే ఐసుతో లాభం లేదు, రెండు రోజులు ఎవరు చప్పరిస్తారు? దాంతో పాటు ఆక్సాలిప్లాటిన్ అనే మందు కూడా ఇస్తుంటే ఐసు ముట్టనే ముట్టొద్దు. ఆ మందు పడ్డవాళ్లకు చల్లటిది తగిలితే గొంతు పట్టేస్తుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. అందుకే కీమో వార్డులో నర్సమ్మను అడగండి, "మా మందుకు ఐసు పెట్టొచ్చా?" అని. పెట్టొచ్చంటే ఇంట్లో కాచిన నీళ్లతో చేసిన ఐసు ఫ్లాస్కులో తీసుకెళ్లండి. చెరుకు రసం బండి ఐసు కాదు.

తిండి దగ్గర మన ప్రాంతంలో పెద్ద చిక్కు ఉంది. పొద్దున లేస్తే తొక్కు, అదే కారం పచ్చడి, మధ్యాహ్నం పచ్చిపులుసు, సాయంత్రం మిర్చి. నోరు పూసిన పది రోజులు కారం, చింతపండు, టమాట, నిమ్మకాయ, బత్తాయి రసం అన్నీ బంద్. సకినాలు, గారెలు, అప్పడాలు, టోస్టు లాంటి గరుకైనవీ బంద్. ఇవన్నీ ఆపేసరికి పేషెంట్ ఏమంటాడు? "సప్పిడి కూడు నేను తిన" అంటాడు. అక్కడ మొదలవుతుంది ఇంట్లో యుద్ధం.

దీనికి తోడు పథ్యం. రోగం వచ్చిందంటే గుడ్డు వద్దు, పెరుగు వద్దు, మాంసం వద్దు, పప్పు వాతం అని అన్నీ తీసేసి బ్రెడ్డు, పాలు ఇస్తారు. కీమో పేషెంట్‌కు పథ్యం పెట్టడం అంటే పుండు మానడానికి కావాల్సిన సరుకు ఆపేయడమే. నేను ఈ విషయంలో మెత్తగా చెప్పను. పథ్యం పెట్టే అత్తమ్మలను, పెద్దమ్మలను నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను.

పెట్టాల్సింది ఇలా. రాగి జావలో పాలు, బెల్లం. అన్నం మామూలు కంటే రెండు గ్లాసుల నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండి, పెసరపప్పు వేసి, నెయ్యి పోసి, గరిటెతో మెదిపి. గుడ్డు పూర్తిగా ఉడికించి అందులోనే మెదపండి, పచ్చిది, సగం ఉడికింది వద్దు. ఇడ్లీని పాలల్లో నానబెట్టండి. సగ్గుబియ్యం జావ, అరటిపండు, బాగా పండిన బొప్పాయి. జొన్న గటక ఇష్టమైనవాళ్లకు దాన్ని పల్చగా చేసి పాలతో ఇవ్వండి, పుల్లటి సల్లతో కాదు. చికెన్ ఉడికించిన నీళ్లు మాత్రమే ఇస్తే బలం రాదు, ముక్కను కూడా మిక్సీ పట్టి అందులో కలపండి. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం, పళ్ల సంగతి డాక్టర్‌ను అడిగి చూసుకోండి. ఏదైనా గోరువెచ్చగా లేదా చల్లారాక. పొగలు కక్కే చాయ్ మాత్రం ఆ పది రోజులు మరిచిపోండి. పెద్ద ముద్దలు కాకుండా, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. వారానికోసారి బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి.

తిండికి అరగంట ముందు నొప్పి మాత్ర పడాలి. చాలా ఇళ్లలో తిన్నాకే మాత్ర అనే అలవాటు. ఇక్కడ తినడానికే మాత్ర కావాలి, ఓ రెండు చెంచాల పాలు తాగి వేయండి. ఏ మాత్ర అన్నది డాక్టర్ చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మాత్రం సొంతంగా కొనొద్దు, అవి రక్తస్రావం పెంచుతాయి, కిడ్నీల మీద పడతాయి. పుండు మొద్దుబారడానికి జైలోకైన్ జెల్లీ లాంటిది రాసిస్తే దాన్ని ఇయర్ బడ్‌తో పుండు మీద అద్దండి. గొంతులోకి పోనిస్తే గొంతు మొద్దుబారి తిండి పొలమారుతుంది. నొప్పి బాగా ఉంటే ట్రమడాల్, మార్ఫిన్ దాకా వెళ్తాం. మార్ఫిన్ అంటే ఆఖరి దశ అని భయపడతారు. కాదు. నోరు మానగానే ఆపేస్తాం. 2014లో చట్టం సవరించాక దాన్ని పేషెంట్‌కు అందించడం కాస్త సులువైంది. అది వాడేటప్పుడు మలబద్ధకానికి కూడా మందు అడగండి.

రోజుకోసారి నోరు చూడండి. కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఫోన్ టార్చి వేయండి. కింది పెదవి లోపల, బుగ్గల లోపల, నాలుక పక్కలు, నాలుక కింద. కీమో పుండ్లు ఎక్కువగా లేచేది ఇలా మెత్తగా కదిలే చోట్లలో. పుండు మీద పసుపుపచ్చ పొర ఉంటుంది, దాన్ని గీకొద్దు. దూదితో తుడిస్తే ఊడొచ్చే తెల్లటి పొర ఉంటే అది ఫంగస్, దానికి వేరే మందుంది. చిగుళ్ల మీద, పైన గట్టి అంగిలి మీద, పెదాల అంచున గుంపుగా చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే వైరస్ కావచ్చు, దానికీ మందుంది. రెండింటికీ ఉప్పు నీళ్లు చాలవు, డాక్టర్ చూడాలి. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. నోట్‌బుక్‌లో ఆ రోజు తేదీ వేసి ఒక్క ముక్క రాయండి: అన్నం తిన్నాడు, జావే తాగాడు, నీళ్లు కూడా పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రేడులు కూడా దాదాపు ఇవే. ఎరుపు, మంట ఉంటే ఒకటి. పుండ్లున్నా గట్టి తిండి తింటే రెండు. నీళ్లగా ఉన్నవే పోతే మూడు. ఏదీ పోకపోతే నాలుగు. ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి డాక్టర్ బల్ల మీద పెట్టండి. "మంచిగనే ఉన్న సార్" అనే ముందు పెట్టండి. డోసు తగ్గించాలా, ఒక వారం ఆపాలా, ముందుగానే ఏమైనా ఇవ్వాలా అన్నది ఆయన దాన్నిబట్టే తేలుస్తారు.

కేపసిటబిన్ మాత్రలు ఇంట్లో వేసుకునేవాళ్లు ఇది వినండి. కోర్సు మధ్యలో ఆపొద్దని మనకు యాంటీబయోటిక్స్ దగ్గర నేర్పారు. ఇక్కడ అది పనికిరాదు. తినడానికి అడ్డొచ్చేంత పుండ్లు లేచినా, విరేచనాలు పట్టుకున్నా తర్వాతి డోసు వేసుకోకుండా ఆగి ఫోన్ చేయండి. మొదటి సైకిల్‌లోనే, అంటే మందు మొదటి విడతలోనే, మొదటి వారంలోనే నోరు, కడుపు రెండూ చెడిపోతే ఫోన్ కూడా కాదు, బండెక్కి వెళ్లిపోండి. కొందరి ఒంట్లో ఆ మందును విరిచే ఎంజైము పుట్టుకతోనే తక్కువ ఉంటుంది. వాళ్లకు మామూలు డోసే విషమవుతుంది.

జ్వరం. ఇది నేను గట్టిగా చెప్పాలి. నోరు ఎక్కువ పూసే రోజులూ, తెల్లకణాలు బాగా తగ్గే రోజులూ దాదాపు ఒకటే. పుండు తెరిచిన తలుపు, కాపలా లేదు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తే అది రాత్రి రెండైనా సరే, పొద్దుటి రైలు కోసం చూడొద్దు. 108కు చేయండి, దగ్గర్లో పెద్దాస్పత్రి ఏదుంటే అక్కడికి. క్యాజువాలిటీలో మొదటి మాట "కీమో నడుస్తోంది, ఫలానా రోజు ఎక్కింది" అని. వాళ్లు వెంటనే సీబీపీ తీసి, నరానికి యాంటీబయోటిక్ మొదలుపెట్టాలి, అది గంటలోపు పడితే మేలు. చేయి పెట్టి చూస్తే ఒళ్లు వెచ్చగా ఉంది అని పారాసిటమాల్ వేసేయకండి. ముందు థర్మామీటర్, తర్వాత మాత్ర. మాత్ర వేశాక జ్వరం దిగుతుంది, జబ్బు దిగదు, మీరు నిద్రపోతారు. థర్మామీటర్ లేని ఇల్లుంటే ఇక్కడినుంచి వెళ్తూ కొనుక్కోండి.

గొంతుకో, దవడకో రేడియేషన్, అదే కరెంటు పెట్టించుకునేవాళ్లకు లెక్క వేరు. రెండో మూడో వారంలో మొదలై, కరెంటు అయిపోయాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. వాళ్లకు బెంజిడమిన్ అనే పుక్కిలించే మందు, కొన్ని చోట్ల లేజర్ కూడా వాడతారు. ఆ దవడలో పన్ను తర్వాతెప్పుడైనా, ఏళ్ల తర్వాతైనా, కరెంటు పెట్టిన సంగతి చెప్పకుండా తీయించుకోవద్దు, ఎముక మానకపోవచ్చు.

ఇక మీరు అడగండి.

"మేడం, తేనె రాస్తే మంచిదంటరు, నిజమేనా?"

తల, గొంతు రేడియేషన్ వాళ్లకు తేనె కొంత మేలు చేస్తుందని పరిశోధనలున్నాయి, 2020లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో కూడా ఆ మాట ఉంది. ఒట్టి కీమో పుండ్లకు అంత ఆధారం లేదు. షుగర్ ఉన్నవాళ్లు వద్దు. తెల్లకణాల కౌంట్ తక్కువున్నప్పుడు చెట్టు మీంచి పిండి తెచ్చిన పచ్చి తేనె వద్దు. రాసినా కాసేపయ్యాక నోరు కడగాలి, లేకపోతే పళ్లు పుచ్చుతాయి.

"మా అమ్మకు నోట్ల పుండ్లున్నయ్ మేడం. చిన్న పిల్లగాడు ఆమె గ్లాసులనే తాగుతడు. అంటుకుంటదా?"

కీమో పుండు అంటుకోదమ్మా. కాకపోతే గ్లాసు వేరు చేయండి, పిల్లాడి కోసం కాదు, అమ్మ కోసం. పిల్లాడి జలుబు ఆమెకు అంటుకోకూడదు.

"మా నాయన కీమోల కూడ కల్లు బంద్ చేస్తలేడు. సలువ చేస్తది, నోటికి మంచిది అంటడు."

(నవ్వులు) ఎన్నాళ్ల నుంచి తాగుతున్నాడు? చిన్నప్పటి నుంచా. కల్లు పులుపు, అందులో ఆల్కహాల్, బతికున్న ఈస్టు. పుండు మీద అది సలువ కాదు. ఇంకో సంగతి. మన దగ్గర కొన్ని చోట్ల కల్లులో మత్తు మందులు కలుపుతారు, మీకు తెలియంది కాదు. నొప్పికి ట్రమడాల్, మార్ఫిన్ వేసుకుంటూ ఆ కల్లు తాగితే ఊపిరి మందగిస్తుంది. అలాగని ఇవాళే కుండ లాక్కోకండి. అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, పిచ్చి చూపులు, ఫిట్స్ వస్తాయి. డాక్టర్‌కు దాచకుండా రోజుకు ఎంత తాగుతాడో చెప్పండి, ఆపే పద్ధతి వాళ్లు చెప్తారు. ఎండాకాలమైతే ముంజలు తినిపించండి, కడిగి, పొట్టు తీసి. అవి నిజంగా చలువ.

"ఒక్కటే అడుగుత మేడం. తొక్కు మళ్ల ఎప్పుడు తినొచ్చు?"

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను, ఎవరూ అడగలేదేమా అని. ఉప్పు సోడా నీళ్లు నోట్లో తిప్పితే ఎక్కడా చుర్రుమనకపోతే, టార్చి వేసి చూస్తే ఎరుపు లేకపోతే, మొదలుపెట్టొచ్చు. చాలామందికి అది మూడో వారంలో వస్తుంది. ముందు పప్పులో కొద్దిగా కారం. చపాటా మిర్చి అయితే మంచిది, మన దగ్గరి పంటే, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. అది పడితే ఒక రోజు ఆగి తొక్కు, అన్నంలో నెయ్యి ఎక్కువ వేసుకుని. మీ తర్వాతి కీమో ఎప్పుడు? వచ్చే శుక్రవారమా? మరి నోరు మానిందంటున్నారు కదా. అయితే గురువారం దాకా తినండి.